ఉబుంటు సర్వర్ల అయోడిన్ (డీఎన్ఎస్ టన్నెల్ సాఫ్ట్‌వేర్) స్టార్ట్ అయితలేదు, 53 పోర్టు లొల్లి

హన్మకొండ నుంచి: అన్నా, కాలేజీ ప్రాజెక్టు కోసం నా సొంత సర్వర్ల డీఎన్ఎస్ టన్నెల్ (సైట్ పేర్లకు ఐపీ అడ్రస్ చెప్పే డీఎన్ఎస్ ప్రశ్న-జవాబులల్ల వేరే డేటా పంపుడు) పెడ్తున్న, అయోడిన్ ఇన్‌స్టాల్ చేసిన, ఎన్ఎస్ రికార్డు (డొమైన్ గురించి ఏ సర్వర్ జవాబు చెప్తదో రాసేది) గూడ పెట్టిన, కానీ స్టార్ట్ చేస్తే డీఎన్ఎస్ నడిచే 53 పోర్టు ఆల్రెడీ వాడకంల ఉందని ఎర్రర్ వస్తాంది. రెండు రాత్రులాయె, ఎవలన్నా చెప్పుండ్రి.

జవాబు: తమ్మీ, ఉబుంటుల పేర్లకు ఐపీ వెతికే సర్వీసు సిస్టమ్‌డీ రిజాల్వ్‌డ్ 127.0.0.53 మీద ఆ పోర్టు పట్టుకొని కూసుంటది. దాన్ని ఊకనే ఆపకు, సర్వర్‌కే సైట్ పేర్ల ఐపీలు దొరకయి, అప్‌డేట్ గూడ కాదు. అయోడిన్‌కు హైఫన్ ఎల్ (-l) పెట్టి సర్వర్ ఐపీ ఇయ్యి, క్లౌడ్ల అయితే ఎక్కువసార్లు ప్రైవేట్ ఐపీనే ఇయ్యాలె. ఫైర్‌వాల్ల యూడీపీ 53 తెరువు.

ఇంకో జవాబు: ఎన్ఎస్‌కు నేరుగ ఐపీ రాస్తే నడవది, పేరు రాసి ఆ పేరుకు 'A' రికార్డు (పేరుకు ఐపీ చెప్పేది) పెట్టాలె. అయోడిన్ డేటాను ఎన్‌క్రిప్ట్ చెయ్యది, టన్నెల్ లోపట ఎస్ఎస్‌హెచ్ (ఎన్‌క్రిప్ట్ చేసే కనెక్షన్) నడిపియ్యి.

హన్మకొండ నుంచి: ఐపీ ఇయ్యంగనే లేచిందన్నా! టన్నెల్ లోపటి 10.0.0.1 నుంచి పింగ్ జవాబు వస్తాంది.