ఇంట్లో ఉండి సోషల్ ఇన్నోవేషన్ డిజైన్‌లో ఆన్‌లైన్ మాస్టర్స్ చదవవచ్చా?

ప్రశ్న: చిటికి

అందరికీ నమస్కారం. భూదాన్ పోచంపల్లి చుట్టుపక్కల చేనేత కుటుంబాలతో పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థలో ఉద్యోగం చేస్తున్నాను. చదివింది బీకాం. మా దగ్గరకు వచ్చిన ఒక పరిశోధకురాలు ‘డిజైన్ ఫర్ సోషల్ ఇన్నోవేషన్’ అనే మాస్టర్స్ కోర్సు ఉందని, నేను చేస్తున్న పనికి అది సరిగ్గా సరిపోతుందని చెప్పారు. అప్పటి నుంచి మనసు అటే లాగుతోంది. పాప ఒకటో తరగతి చదువుతోంది, అత్తగారికి ఆరోగ్యం అంతంత మాత్రం. ఊరు విడిచి వెళ్లలేను కాబట్టి ఆన్‌లైన్ కోర్సుల వైపు చూస్తున్నాను.

నా సందేహాలు ఇవి. అసలు ఈ చదువులో ఏం నేర్పుతారు? బొమ్మలు గీయడం రానివాళ్లకు సీటు ఇస్తారా? విదేశీ విశ్వవిద్యాలయం ఆన్‌లైన్‌లో ఇచ్చే డిగ్రీ ఇక్కడ చెల్లుతుందా? ఫీజు భారం మోయదగినదేనా? తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు: గట్టుమీది చెట్టు

చిటికి గారూ, నేను ఈ రంగంలో చదువుకుని, ఇప్పుడు విద్యార్థుల ప్రాజెక్టులకు మార్గదర్శకురాలిగా ఉన్నాను. మీ మొదటి ప్రశ్నకు జవాబు మీ ఊరి పక్కనే ఉంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

చీర నేతకు ముందు నూలును సిద్ధం చేసే ఆసు పోయడం మీకు తెలియనిది కాదు. అర్ధచంద్రాకారంలో గుచ్చిన మేకుల చుట్టూ నూలుపోగును చేత్తో అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకే చెయ్యి వేల సార్లు ఆడుతుంది. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం గారు తన తల్లి లక్ష్మి గారి భుజాల నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రాన్ని తయారుచేసి, దానికి ఆమె పేరే పెట్టారు. గంటల తరబడి సాగే పని గంటన్నరకు దిగింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇంతవరకు అందరికీ తెలిసిన కథే.

ఈ చదువు పట్టించుకునేది ఆ తర్వాతి సంగతులను. యంత్రం కొనే స్తోమత లేని ఇంటికి అది ఎలా చేరాలి? నలుగురు కలిసి కొంటే ఎవరి ఇంట్లో పెట్టాలి, కరెంటు బిల్లు ఎవరు కట్టాలి, వంతులు ఎలా వేసుకోవాలి? చెడిపోతే బాగుచేసేది ఎవరు? పక్కింటివాళ్లకు ఆసు పోసిపెట్టి నాలుగు రూపాయలు సంపాదించే ఆడవాళ్ల కూలి ఏమవుతుంది? మిగిలిన సమయం ఆ ఇంటి ఇల్లాలికి విశ్రాంతి అవుతుందా, ఇంకో పని నెత్తిన పడుతుందా? వస్తువుతో పాటు ఈ ఏర్పాట్లన్నిటినీ, వాటిని అనుభవించే మనుషులతోనే కూర్చుని రూపొందించడం ఇక్కడ నేర్పుతారు. క్షేత్ర పరిశీలన, ఇంటర్వ్యూలు చేసే పద్ధతి, ఎవరికి ఎవరితో ఏ సంబంధం ఉందో పటం గీయడం, తక్కువ ఖర్చుతో నమూనా చేసి ప్రయత్నించడం, ఫలితాన్ని కొలవడం, చివర ఒక పెద్ద ప్రాజెక్టు. ఎక్కడ చదివినా పాఠ్యక్రమం అటూ ఇటుగా ఇదే.

పేరున్న చోట్లు కొన్ని చెబుతాను. న్యూయార్క్‌లోని స్కూల్ ఆఫ్ విజువల్ ఆర్ట్స్ 2012లో ఈ పేరుతోనే ఎమ్‌ఎఫ్‌ఏ (లలిత కళల మాస్టర్స్) మొదలుపెట్టింది. లండన్ కాలేజ్ ఆఫ్ కమ్యూనికేషన్‌లో ఇలాంటి ఎమ్‌ఏ ఉంది. మన దేశంలో ఢిల్లీ అంబేడ్కర్ విశ్వవిద్యాలయంలో సోషల్ డిజైన్ మాస్టర్స్ ఉంది. ఏ కోర్సైనా బోధన పద్ధతి ఏటా మారవచ్చు. కొన్ని పూర్తిగా ఆన్‌లైన్, కొన్ని పూర్తిగా క్యాంపస్. ఇంకొన్నిటిని ‘లో రెసిడెన్సీ’ అంటారు: పాఠాలు ఆన్‌లైన్‌లోనే జరుగుతాయి, ఏడాదిలో కొద్ది రోజులు మాత్రం అక్కడికి వెళ్లాలి. ఆ కొద్ది రోజులకూ వీసా, విమాన ఖర్చు తప్పవు. అందుకే మీరు చేరబోయే ఏటి ప్రవేశ ప్రకటనను చివరి వాక్యం దాకా చదవండి.

ఇక అసలు మాట. ఆన్‌లైన్ అనేసరికి చాలామంది దాన్ని రెండో రకం చదువుగా చూస్తారు. ఈ ఒక్క రంగంలో నేను దానికి ఒప్పుకోను. క్యాంపస్‌కు వెళ్లిన విద్యార్థి కొత్త నగరంలో, పరిచయం లేని మనుషుల దగ్గర కొన్ని వారాల్లో నమ్మకం సంపాదించాలి. మీరు ఇప్పటికే ఆ ఇళ్లలో మంచినీళ్లు అడిగి తాగేంత దగ్గరివారు. సోమవారం క్లాసులో నేర్చుకున్నది మంగళవారం మగ్గాల దగ్గర ప్రయత్నించవచ్చు. అది కోట్లు పెట్టి కట్టిన స్టూడియోలో కూడా దొరకదు. దీనికి రెండో వైపు కూడా చెప్పాలి. పనిచేయడానికి ఒక ఊరో, ఒక సమూహమో చేతిలో లేనివాళ్లు ఈ డిగ్రీని ఆన్‌లైన్‌లో చదివితే తెర మీద రంగు చీటీలు అతికించడంతోనే రెండేళ్లు గడిచిపోతాయి. వాళ్లకు మాత్రం వద్దనే చెబుతాను.

జవాబు: రిటైర్డ్ ఏఈ

అమ్మా, నేను గ్రామీణ నీటి సరఫరాలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ని. ఈ కోర్సు పేరు ఇవాళే విన్నాను. పై జవాబు చదివాక మాత్రం నా సర్వీసంతా కళ్లముందు తిరిగింది.

మన ఊళ్లలో బోరింగు అనే చేతిపంపు ఉంది చూశారూ, అది ఇండియా మార్క్ 2. 1970ల్లో యునిసెఫ్ తోడ్పాటుతో రూపొందింది. గట్టి పంపు, రోజంతా ఊరు ఊరంతా కొట్టినా తట్టుకుంటుంది. కానీ లోపల వాషరు అరిగితే మొత్తం గొట్టాల వరుసను పైకి లాగాలి. దానికి ముక్కాలి, పనిముట్లు, మనుషులు, బండి కావాలి. బండి వచ్చేదాకా ఆడవాళ్లు పొలాల బావులకు నడిచేవాళ్లు. తర్వాత వచ్చిన మార్క్ 3లో రెండున్నర అంగుళాల వెడల్పు గొట్టం పెట్టారు. గొట్టాలు కదిలించకుండానే వాషరున్న భాగాన్ని వాటిలోంచి పైకి తీయవచ్చు. ఊరి మనిషికి నేర్పితే కొద్దిపాటి పనిముట్లతో తనే బాగుచేసుకుంటాడు. గొట్టం వెడల్పు కావడంతో బరువూ ఖర్చూ పెరిగిన మాట నిజమే. అయినా రిపేరు చేసే చెయ్యి ఊళ్లోనే ఉండాలన్న ఆలోచన వల్ల పంపు లోపలి కొలతే మారిపోయింది. మీరు చదవబోయేది ఇదేనైతే తప్పకుండా చదవండమ్మా.

జవాబు: జమాఖర్చు

డబ్బు, గుర్తింపు గురించి నేను చెబుతాను. బ్యాంకు ఉద్యోగిని.

ముందు గుర్తింపు. మన దేశపు విశ్వవిద్యాలయం యూజీసీ అనుమతితో ఆన్‌లైన్‌లో ఇచ్చే డిగ్రీ, క్యాంపస్ డిగ్రీతో సమానం. దీన్ని యూజీసీ 2022 సెప్టెంబరులో స్పష్టంగా ప్రకటించింది. ఆ సంస్థకు ఆ కోర్సుకు, ఆ ఏటికి అనుమతి ఉందో లేదో యూజీసీ దూరవిద్య విభాగం వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. చేరే ముందు విద్యార్థి ఆ విభాగం ఇచ్చే గుర్తింపు సంఖ్య (డెబ్ ఐడీ) కూడా తీసుకోవాలి. విదేశీ డిగ్రీల సంగతి వేరు. వాటి సమానత్వంపై యూజీసీ 2025 ఏప్రిల్‌లో కొత్త నిబంధనలు ప్రకటించింది. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో చదివిన విదేశీ డిగ్రీకి సమానత్వ పత్రం వచ్చేస్తుందన్న భరోసాతో పైసా కట్టకండి. ప్రభుత్వ ఉద్యోగమో, విశ్వవిద్యాలయంలో అధ్యాపక పదవో, ఇక్కడ పీహెచ్‌డీయో లక్ష్యమైతే ఆ దారి పట్టవద్దు. స్వచ్ఛంద సంస్థలు, ఫౌండేషన్లు, కన్సల్టెన్సీలు మీ పనిని చూసి తీసుకుంటాయి. అక్కడ ఈ చిక్కు పెద్దగా రాదు. డిగ్రీ పట్టాలో ‘ఆన్‌లైన్’ అని రాస్తారో లేదో ముందే మెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి.

ఇక ఖర్చు. అమెరికాలో ఫీజు క్రెడిట్ల (కోర్సు పరిమాణాన్ని కొలిచే యూనిట్ల) లెక్కన ఉంటుంది. మొత్తం క్రెడిట్లను ఒక క్రెడిట్ ధరతో హెచ్చవేసి, దానికి సాంకేతిక రుసుము, రిజిస్ట్రేషన్ లాంటివి కలపాలి. రెండేళ్లలో రూపాయి పడితే మీ వాయిదా పెరుగుతుంది, దానికీ కొంత పక్కన పెట్టుకోండి. విదేశాలకు డబ్బు పంపడం రిజర్వు బ్యాంకు ఎల్‌ఆర్‌ఎస్ పథకం కిందికి వస్తుంది. మనిషికి ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల పరిమితి. 2025 ఏప్రిల్ 1 నుంచి పది లక్షల రూపాయలు దాటిన మొత్తం మీదే టీసీఎస్ (డబ్బు పంపేటప్పుడే ముందుగా వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు. అది పోయే డబ్బు కాదు, రిటర్ను వేసినప్పుడు సర్దుబాటు అవుతుంది. అయినా కట్టే రోజున చేతిలో ఉండాలి కదా.

ఇంకో సంగతి. తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే అంబేడ్కర్, జ్యోతిబా ఫూలే ఓవర్సీస్ విద్యానిధి 20 లక్షల వరకు వస్తుందని విని ఆశపడతారేమో. అది విదేశానికి వెళ్లి చదివేవారి కోసం. విద్యారుణం విషయంలోనూ అంతే, విదేశీ ఆన్‌లైన్ కోర్సుకు ఇస్తారో లేదో సీటు ఖాయం చేసుకోకముందే మీ బ్రాంచిలో అడగండి.

జవాబు: ఎడిసన్ తెలుగమ్మాయి

న్యూజెర్సీ నుంచి రాస్తున్నాను. ఉద్యోగం చేసుకుంటూ ఇలాంటి కోర్సే చదివాను. మా బృందంలో ఇండియా నుంచి చేరినవాళ్లు కూడా ఉండేవారు. క్లాసు వేళల గురించి ముందే ఆలోచించండి. న్యూయార్క్‌లో సాయంత్రం 6 గంటల క్లాసు అంటే మీకు వేసవిలో మర్నాడు తెల్లవారుజామున 3:30, చలికాలంలో 4:30. బ్రిటన్ అయితే సుఖం, అక్కడి మధ్యాహ్నం 2 గంటలు మీకు సాయంత్రం 6:30 లేదా 7:30. రికార్డింగు చూసుకోవచ్చని ప్రకటనలో రాస్తారు. కానీ ఈ చదువులో సగం సారం ఒకరి పనిని ఒకరు విమర్శించుకునే చోట ఉంటుంది, అది రికార్డింగులో రాదు. గుంపుగా చేసే పనులు క్లాసు బయట కూడా ఉంటాయి. వారానికి ఎన్ని గంటలు ప్రత్యక్షంగా కూర్చోవాలో ప్రవేశాల విభాగాన్ని సూటిగా అడగండి. ఇప్పుడు చదువుతున్న, మీ వైపు ఉండే విద్యార్థి ఒకరితో మాట్లాడించమని కోరండి. మంచి విభాగాలు కాదనవు.

ఇంట్లోనే ఉండి పూర్తిగా ఆన్‌లైన్‌లో చదివితే చదువయ్యాక ఇక్కడో, బ్రిటన్‌లోనో పనిచేసే వీసా హక్కేమీ రాదు. మీకు అది అక్కర్లేదనుకుంటా. ఈ చర్చ చదివే మిగతావాళ్ల కోసం చెబుతున్నాను.

చిటికి

అందరికీ ఎంతో కృతజ్ఞతలు. గట్టుమీది చెట్టు గారూ, మిమ్మల్ని అక్కా అని పిలవవచ్చా? పోర్ట్‌ఫోలియో దగ్గరే ఆగిపోయాను. చూపించడానికి నా దగ్గర బొమ్మలు లేవు, సంస్థ నివేదికలే ఉన్నాయి.

జవాబు: గట్టుమీది చెట్టు

తప్పకుండా పిలువు చెల్లీ. ఈ రంగంలో పోర్ట్‌ఫోలియో అంటే చిత్రాల సంపుటి అనుకోవద్దు. నువ్వు ఒక సమస్యను ఎలా చూశావు, ఎవరితో మాట్లాడావు, ఏం ప్రయత్నించావు, ఏం కుదరలేదు, దాంతో నీ ఆలోచన ఎలా మారింది అన్నది వాళ్లు చూస్తారు. ఫోనుతో తీసిన ఫొటోలు, చేత్తో గీసిన గీతలు చాలు.

ఒక ఉదాహరణ చెబుతాను. మాస్టర్ వీవర్ దగ్గర నూలు తీసుకుని కూలికి నేసే కుటుంబాన్ని తీసుకో. ఇచ్చిన నూలు, ముట్టిన బయానా, రావలసిన కూలి అన్నీ ఆయన పుస్తకంలోనే ఉంటాయి, నేసేవాళ్ల ఇంట్లో చీటీ ముక్క కూడా ఉండదు. అదే లెక్క ఇంటి గోడకు వేలాడే ఒక అట్ట మీద కూడా ఉంటే? పాత క్యాలెండర్ అట్ట వెనక గడులు గీసి, చదువు రానివాళ్ల కోసం నూలుకు కండె బొమ్మ, కూలికి రూపాయి గుర్తు పెట్టి ఒక ఇంట్లో వేలాడదీయి. వారం తర్వాత వెళ్లి చూడు. ఏ గడి నిండింది, ఏ గడి ఖాళీగా ఉంది, ఎవరు రాస్తున్నారు, మాస్టర్ వీవర్ చూసి ఏమన్నారు? ఖాళీ గడులను చూసి రెండో అట్ట గియ్యి. మొదటి అట్ట, రెండో అట్ట, మధ్యలో వాళ్లన్న మాటలు పక్కపక్కన పెడితే నాలుగు పేజీలు. అలాంటివి రెండు మూడు ఉంటే అందమైన బొమ్మల కంటే బరువుగా ఉంటాయి. నీ సంస్థ నివేదికల్లో ఇలాంటి పనులు ఇప్పటికే దాగి ఉంటాయి, ఈ కంటితో ఓసారి తిరగెయ్యి.

డబ్బు కట్టే ముందు పని రుచి చూడాలనుకుంటే, ఐడియో డాట్ ఆర్గ్ అనే డిజైన్ సంస్థ 2015లో వెలువరించిన ఫీల్డ్ గైడ్ (పద్ధతుల చేతిపుస్తకం) ఉచితంగా దొరుకుతుంది. అందులోని పద్ధతులు నాలుగైదు మీ వాడలో ప్రయత్నించు. నీకు నచ్చితే దరఖాస్తు వ్యాసంలో రాయడానికి సరుకు కూడా అవుతుంది.

చిటికి

అక్కా, ఒక్క చివరి సందేహం. మా నేతవాళ్లు కొత్త డిజైన్లు బయటికి పొక్కుతాయని ఫొటోలకు భయపడతారు. వాటిని క్లాసులో చూపించడం తప్పవుతుందా?

జవాబు: గట్టుమీది చెట్టు

వాళ్ల భయం న్యాయమైనది. మగ్గం మీద ఉన్న చీరను, చిటికి కట్టిన (రంగు అద్దడానికి ముడులు వేసిన) నూలును ఫొటో తీయకు. చేతులు, పనిముట్లు, అట్ట మీది గడులు తియ్యి. తీసినది అక్కడే ఫోనులో వాళ్లకు చూపించి, వద్దన్నది వాళ్ల ముందే చెరిపెయ్యి. ఎక్కడ చూపిస్తావో, ఎవరు చూస్తారో తెలుగులో ఒక పేజీ రాసి చదివి వినిపించి అప్పుడు సంతకం అడుగు. మధ్యలో ఎప్పుడైనా వద్దనవచ్చని కూడా ఆ కాగితంలో ఉండాలి. పేర్లు మార్చు. విశ్వవిద్యాలయానికి పరిశోధన నైతికత కమిటీ ఉంటే దాని ఫారం వేరే ఉంటుంది, అది ఇంగ్లీషులో నింపాల్సిందే. తెలుగు కాగితం మాత్రం మానకు. పూర్తయిన ప్రాజెక్టు ప్రతి ఒకటి సంఘం ఆఫీసులో ఉంచుతానని మొదటి రోజే మాట ఇచ్చి, ఇచ్చిన మాట ప్రకారం ఉంచు. దరఖాస్తు వ్యాసం చిత్తు ప్రతి రాశాక ఇక్కడే పెట్టు, చూసి చెబుతాను.