కీరదోస–పెసరపప్పు కోసంబరి: నీరు ఊరకుండా ఎలా?

డాబాతోట: మిద్దె మీద కీరదోస బాగా దిగుతోంది. కోసంబరి కలిపిన పావుగంటకే గిన్నె అడుగున నీళ్లు చేరుతున్నాయి, పప్పు కూడా మెత్తబడుతోంది. నలుగురికి కొలతలు, కలిపే వరస చెప్తారా?

ఎర్రమట్టి: నీళ్లకు కారణం ఉప్పు అండీ. తరిగిన కీరకు ఉప్పు తగిలిందంటే ముక్కలోని నీరంతా బయటికి లాగేస్తుంది. కాబట్టి ఉప్పు వడ్డించే ముందే, అదీ ఆఖర్న.

నలుగురికి పెసరపప్పు అర కప్పు, మధ్యరకం కీరలు రెండు, పచ్చిమామిడి కోరు రెండు పెద్ద చెంచాలు, కొబ్బరి కోరు అంతే, పచ్చిమిర్చి ఒకటి, కొత్తిమీర గుప్పెడు, ఉప్పు అర చెంచా. పోపుకి నూనె ఒక చెంచా, ఆవాలు అర చెంచా, ఎండుమిర్చి ఒకటి, చిటికెడు ఇంగువ, కరివేపాకు రెబ్బ.

పప్పు ఈ ఎండలకు అరగంట, మహా అయితే ముప్పావుగంట నానితే చాలు. గోటితో నొక్కితే బద్ద తెగాలి, పిండి కాకూడదు. శ్రీరామనవమి వడపప్పులా గంటల తరబడి వదిలేస్తే మెత్తబడక ఏమవుతుంది? నానాక జల్లెడలో పోసి పది నిమిషాలు వదిలేయండి. సగం నీళ్ల గొడవ అక్కడే తీరుతుంది.

చింతచిగురు: ఉప్పు ఆఖర్న వేసినా అందరూ తినేలోపు ఊరుతుంది. బంతికి వడ్డించేటప్పుడు నా పద్ధతి వేరు. కీర నిలువుగా చీల్చి, మధ్య గింజల గుజ్జు చెంచాతో గీకేయాలి. ముక్కలకు పావు చెంచా ఉప్పు పట్టించి, పది నిమిషాలాగి గట్టిగా పిండాలి. చివర్లో వేసే ఉప్పు ఆ మేరకు తగ్గించండి. పిండిన నీళ్లు మజ్జిగలో పోసుకోవచ్చు.

ఎర్రమట్టి: ముదురు కాయకి సరే. చెట్టు మీంచి అప్పుడే కోసిన లేత కాయని పిండడం దండగ అండీ, ఆ కరకర కోసమేగా పెంచుకునేది.

పాదుమడి: ముందు చేదు సంగతి చూడండి. ఎండాకాలం నీటి ఎద్దడి తగిలిన పాదుకి చేదు కాయలు వస్తాయి. ఆ చేదు కుకుర్బిటాసిన్ అనే పదార్థానిది, తొడిమ వైపూ తొక్క కిందా ఎక్కువ. తొడిమ వైపు అంగుళం కోసి పారేసి, తొక్క తీసి, ఆ పక్క ముక్క నాలుక మీద పెట్టుకోండి. కొస కోసి నురగ వచ్చేదాకా రుద్దితే చేదు పోతుందంటారు గానీ, కండలో ఉన్న చేదు అలా రాదు. అప్పటికీ చేదుంటే కాయ పారేయడమే. పులుపేసి కప్పిపుచ్చితే వాంతులు, విరేచనాలు పట్టుకోవచ్చు. కీర బదులు పసుపురంగు పప్పు దోసకాయ వేసేవాళ్లు గింజ కూడా కొరికి చూడాలి.

కుండీకి పొద్దున, సాయంత్రం తడి ఇచ్చి, మట్టి మీద రెండంగుళాల మందాన ఎండుటాకులు కప్పండి. తర్వాత దిగే కాయల్లో చేదు తగ్గుతుంది.

పందిరి: కాయలు, ఆకులు ఎండ ఎక్కకముందే కోయండి. మిట్టమధ్యాహ్నం కోసిన కొత్తిమీర గిన్నెలో పడగానే వాడిపోతుంది. అది ఎలాగూ ఈ వేడికి పూతకొచ్చేస్తుంది కాబట్టి పుదీనా వేసుకోవచ్చు, సగం చాలు. ఇంకో మాట: మొక్కలకు ఎరువుగా వాడే జీవామృతం అనే ద్రవంలో ఉండేది పేడ, మూత్రం. పచ్చిగా తినే ఆకుల మీద పిచికారీ చేయొద్దు, మట్టికే పోయండి. ఆకులు రెండు మూడు నీళ్లలో కడిగి, గుడ్డ మీద ఆరబెట్టాకే తరగండి. తడి ఆకు కూడా అడుగున నీళ్లు చేరుస్తుంది.

డాబాతోట: పోపు ఎప్పుడు వెయ్యాలి? నిమ్మరసం ఎంత? మిగిలితే ఫ్రిజ్‌లో నిలవుంటుందా?

చింతచిగురు: పోపు ముందే పెట్టి చల్లార్చండి, వేడిగా పడితే కీర మెత్తబడిపోతుంది. వరస ఇదీ: పప్పు, కొబ్బరి, మిర్చి, చల్లారిన పోపు, ఆ తర్వాత కీర, మామిడి, కొత్తిమీర, చివరికి ఉప్పు. మామిడి ఉంటే నిమ్మ అక్కర్లేదు, రెండూ పడితే పప్పు రుచే తెలీదు. మామిడి దొరకనప్పుడు అర చెక్క నిమ్మరసం, గింజలు పడకుండా. మామిడి తొడిమ తుంచి సొన కారిపోయాక కడగడం మర్చిపోకండి, లేకపోతే గొంతు గీరుతుంది.

కొబ్బరి పడింది కాబట్టి ఈ ఎండల్లో బయట గంటకు మించి ఉంచొద్దు. మిగలొచ్చనుకుంటే ఉప్పు వేయకముందే కొంత తీసి ఫ్రిజ్‌లో పెట్టుకుని, ఆ రాత్రే గట్టి పెరుగులో కలిపేయండి. పెరుగు పచ్చడి అయిపోతుంది, పోపు కూడా మళ్లీ పెట్టక్కర్లేదు.