సైటుకు వచ్చేవాళ్లంతా హైదరాబాద్‌లోనే ఉన్నట్టు చూపిస్తోంది, నమ్మొచ్చా?

టెక్కలి మాస్టారు:
అందరికీ నమస్కారం. నేను టెక్కలి దగ్గర హైస్కూల్లో లెక్కలు చెబుతాను. డీఎస్సీ రాసేవాళ్ల కోసం ఒక సైటు నడుపుతున్నాను. మెథడాలజీ నోట్సు, ఆన్‌లైన్ పరీక్షలు, అంతా ఉచితం. వేసవి సెలవుల్లో ఆదివారాలు ఏదో ఒక ఊళ్లో కూర్చుని ఎదురుగా డౌట్లు చెప్పాలని ఉంది. పలాసలోనా, పాలకొండలోనా, శ్రీకాకుళంలోనా తేల్చుకుందామని, సైటుకు ఎవరు ఎక్కడి నుంచి వస్తున్నారో లెక్క చూపే గూగుల్ అనలిటిక్స్ తెరిచాను. మొదట హైదరాబాద్, తర్వాత విశాఖపట్నం, బెంగళూరు, చెన్నై. ఆ తర్వాత అమెరికాలో ఆష్‌బర్న్ అట! పలాస ఎక్కడో అడుగున ఉంది. పాలకొండ అసలు లేదు.

కానీ నాకు రోజూ సందేహాలు పంపేది మందస, సోంపేట, మెళియాపుట్టి పిల్లలే. పలాసలో జీడి ఫ్యాక్టరీలో పగలంతా పనిచేసి, రాత్రి పడుకునే ముందు పరీక్ష రాసే అమ్మాయి ఒకామె ఉంది. ఆమె ఈ లెక్కలో ఎక్కడుందో నాకు కనిపించడం లేదు. అలాంటివాళ్లకి బస్సు ఛార్జీ కూడా భారమే, అందుకే ఊరు సరిగ్గా ఎంచుకోవాలి. తెలిసినవాళ్లు చెప్పండి.

రమణి, విశాఖ:
మాస్టారూ, మీ అనుమానం సరైనదే. నేను ఒక ఇంటర్నెట్ కంపెనీలో నెట్‌వర్క్ పని చూస్తాను. మనిషి ఎక్కడున్నాడో అనలిటిక్స్‌కు తెలియదు. అతని ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో ఆ కనెక్షన్‌కు ఉండే నంబరు) ఏ ఊరి పేరు మీద నమోదై ఉందో అదే చూపిస్తుంది. సెల్ డేటాలో ఆ అడ్రస్ మీ ఊరి టవర్‌ది కాదు. టవర్ల నుంచి వచ్చే డేటా అంతా కంపెనీ పెద్ద గేట్‌వేకి చేరి, అక్కడి నుంచి ఇంటర్నెట్‌లోకి వెళ్తుంది. ఒకే అడ్రస్‌ను బోలెడు ఫోన్లు పంచుకోవడం కూడా మామూలే. ఆ గేట్‌వేలు ఎక్కువగా ఉండేది హైదరాబాద్, చెన్నై లాంటి పెద్ద నగరాల్లో. పైగా టెలికాం లెక్కలో ఆంధ్ర, తెలంగాణ ఇప్పటికీ కలిపి ఒకటే సర్కిల్, అంటే ఒకటే సేవా ప్రాంతం. అందుకే మందసలో నొక్కిన లింకు హైదరాబాద్ ఖాతాలో పడొచ్చు.

దేశం పేరు చాలావరకు సరిగ్గానే ఉంటుంది. రాష్ట్రం దగ్గర తేడాలు మొదలవుతాయి. మొబైల్‌లో వచ్చేవాళ్ల ఊరి పేరు చూసి మాత్రం ఏ నిర్ణయమూ తీసుకోకండి.

ఒక పని చేసి చూడండి. డెమోగ్రాఫిక్ డీటెయిల్స్ రిపోర్టులో సిటీ పక్కన ప్లస్ గుర్తు నొక్కి, డివైస్ కేటగిరీ కలపండి. డెస్క్‌టాప్ వరసల్లో ఊళ్లు కాస్త నిజానికి దగ్గరగా వస్తాయి, ఎందుకంటే ఇంటికి వచ్చే ఫైబర్ లైను అడ్రస్ అంత దూరం పోదు. కాకపోతే మీ పిల్లల్లో ఎక్కువమంది ఫోన్లోనే చదువుతుంటారు. కాబట్టి వాళ్లనే అడగడం మేలు. పరీక్ష ఫలితం చూపించే పేజీలో "మీది ఏ మండలం?" అని ఒక ప్రశ్న పెట్టండి. జిల్లా అడిగితే గజిబిజి. పాలకొండ 2022లో పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది, డీఎస్సీ పోస్టులేమో ఉమ్మడి శ్రీకాకుళం లెక్కన వస్తున్నాయి. ఫోన్ నంబరు, లొకేషన్ పర్మిషన్ అడగొద్దు. ఆడపిల్లలు భయపడి పేజీ మూసేస్తారు.

లౌడన్ శీను:
ఆష్‌బర్న్ సంగతి నేను చెబుతాను, మేముండేది ఆ పక్కనే. ఇది వర్జీనియాలో ఉంది. ప్రపంచంలో డేటా సెంటర్లు బాగా కిక్కిరిసిన చోట్లలో ఒకటి. అక్కడి నుంచి వచ్చినట్టు కనిపించేవి చాలావరకు బాట్‌లు, అంటే వాటంతట అవే సైట్లు తెరిచే ప్రోగ్రాములు. తెలిసిన బాట్‌లను గూగుల్ తనే తీసేస్తుంది గానీ, మామూలు బ్రౌజర్‌లా నటించేవి మిగిలిపోతాయి. అలాగని ఊరినే కొట్టేయకండి మాస్టారు, ఇక్కడ తెలుగువాళ్లం చాలామందిమి ఉన్నాం. యావరేజ్ ఎంగేజ్‌మెంట్ టైమ్ (సైటును సగటున ఎంతసేపు చూశారన్నది) చూడండి. సున్నా, ఒక సెకను ఉంటే మనుషులు కారు.

ఐపీని బట్టి ఊరు చెప్పడం ఎంత దూరం పోతుందో ఒక సంగతి. కాన్సాస్‌లో పాట్విన్ అనే చిన్న ఊరి దగ్గర ఒక పొలం ఉంది. "అమెరికా" అని తప్ప ఇంకేమీ తెలియని అడ్రస్‌లన్నిటికీ ఐపీని బట్టి ఊరు చెప్పే మాక్స్‌మైండ్ కంపెనీ డేటాబేస్‌లో దేశం మధ్యలో ఒక చోటు ఇచ్చారు. అది వెళ్లి ఆ ఇంటి మీద పడింది. 60 కోట్లకు పైగా అడ్రస్‌లు! ఎక్కడ ఏ మోసం జరిగినా పోలీసులు ఆ ఇంటి తలుపు తట్టేవారు. 2016లో ఈ విషయం పత్రికల్లోకి వచ్చాక, ఆ గుర్తును ఒక చెరువు మధ్యకు మార్చారు.

పాలకొండ కుర్రాడు:
సార్, నేను మీ సైట్లోనే చదువుతున్నాను. మా దగ్గర ఊరికో వాట్సాప్ గ్రూపు ఉంది. ఒక్కో గ్రూపుకి పంపే లింకు చివర యూటీఎం సోర్స్‌గా (ఎక్కడి నుంచి వచ్చారో అనలిటిక్స్‌కు చెప్పే గుర్తుగా) ఆ ఊరి పేరు పెట్టండి. ఏ గ్రూపు నుంచి ఎందరు వచ్చారో తెలిసిపోతుంది. లేకపోతే వాట్సాప్‌లో నొక్కినవి ఎక్కువగా డైరెక్ట్ కింద, అంటే ఎక్కడి నుంచి వచ్చారో తెలియనివాటిలో కలిసిపోతాయి.

టెక్కలి మాస్టారు:
అందరికీ కృతజ్ఞతలు. గ్రూపుల లింకులు మార్చేశాను. మండలం ప్రశ్న కూడా పెట్టాను. ఆ జవాబును ఈవెంట్‌తో (సైటులో జరిగిన పనిని అనలిటిక్స్‌కు చెప్పే కబురుతో) పంపి కస్టమ్ డైమెన్షన్‌గా, అంటే రిపోర్టులో మన సొంత వర్గంగా నమోదు చేస్తే, ఇప్పటికే వచ్చిన జవాబులు కూడా కనిపిస్తాయా రమణి గారూ?

రమణి, విశాఖ:
కనిపించవండీ. నమోదు చేసినప్పటి నుంచి వచ్చేవే లెక్కలోకి వస్తాయి. రిపోర్టులో తేలడానికి ఒకటి రెండు రోజులు పట్టొచ్చు. కాబట్టి ఈ రాత్రి పరీక్ష మొదలయ్యేలోపే చేసేయండి.