ఛాతీ ఆపరేషన్: పొద్దున్న చేయించుకుని సాయంత్రం బస్సెక్కేయొచ్చా?

పాలకొల్లు_కుర్రాడు:
అందరికీ నమస్కారం అండి. నా వయసు 23. పాలకొల్లు దగ్గర రొయ్యల చెరువుల మీద సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. ఇంటర్ నుంచీ ఛాతీ ఆడవాళ్ళకున్నట్టు ఉబ్బుగా ఉంది. గైనకోమాస్టియా అంటారట. పట్టుబడి రోజు అందరూ చొక్కాలు విప్పి చెరువులో దిగితే, నేను బనీను మీద చొక్కా వేసుకుని గట్టు మీద కాటా దగ్గరే ఉండిపోతాను. ఇంట్లో పెళ్ళి మాటలు మొదలయ్యాయి, టెన్షన్‌గా ఉంది. ఇన్‌స్టాలో విజయవాడ క్లినిక్ ఒకటి చూశాను. 45 వేలు, నెలాఖరు దాకా ఆఫర్, అడ్మిషన్ అక్కర్లేదు, అదే రోజు సాయంత్రం ఇంటికెళ్ళిపోవచ్చు అన్నారు. ఫోనెత్తిన అమ్మాయి 5 వేలు కట్టి స్లాట్ బుక్ చేసుకోమంటోంది. డాక్టరు పేరు అడిగితే "మా టీమ్ చేస్తుంది సార్" అంది. ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఎవరైనా చేయించుకున్నారా?

భీమవరం_బుల్లోడు:
నేను హైదరాబాద్‌లో చేయించుకున్నాను బ్రో. బానే ఉంది. ఆపరేషన్ కంటే తర్వాత వేసుకునే బిగుతు బనీనే నరకం, మన ఉక్కలో మరీను. ఒక రాత్రి హాస్పిటల్లోనే ఉంచారు. ఇన్సూరెన్స్ వస్తుందని ఆశ పెట్టుకోకు, అందం కోసం చేసే ఆపరేషన్లకి మామూలు పాలసీల్లో ఇవ్వరు.

గోదారి_గట్టు:
దేవుడిచ్చిన ఒంటికి కత్తెందుకు తమ్ముడూ? జిమ్‌కెళ్ళి నాలుగు దండీలు తియ్, అదే కరిగిపోద్ది.

రిటైర్డ్_థియేటర్_సిస్టర్:
గట్టు గారూ, కొవ్వయితే కొంత కరుగుతుంది, లోపలి రొమ్ము గ్రంథి పెరిగితే ఎన్ని దండీలు తీసినా పోదండీ. పైగా జిమ్‌లో కండ కోసం కొందరు పొడిపించుకునే స్టెరాయిడ్ ఇంజెక్షన్ల వల్ల కూడా ఇది వస్తుంది.

బాబూ, నేను కాకినాడలో ఆపరేషన్ థియేటర్‌లో నర్సుగా చేసి రిటైరయ్యాను. నీ సమస్యకి సిగ్గుపడక్కర్లేదు, ఎదిగే వయసు మగపిల్లల్లో మామూలే. చాలామందికి ఆరు నెలల నుంచి రెండేళ్ళలో దానంతటదే తగ్గుతుంది. నీకు ఇంటర్ నుంచీ ఉందంటున్నావు కాబట్టి ఆపరేషన్ మాట రావడం సహజమే. కానీ కత్తి కంటే ముందు ఒక డాక్టరు నిన్ను చేత్తో పట్టి చూడాలి. థైరాయిడ్, లివర్, వృషణాలు, నువ్వు వాడే మందులు, ఇవన్నీ అడగాలి. ఇవేవీ అడక్కుండా ఫోన్లో స్లాట్ ఇచ్చేవాళ్ళకి నీ ఛాతీ మీద కంటే నీ 5 వేల మీదే ధ్యాస.

"మా టీమ్ చేస్తుంది" అన్న మాట నాకు అస్సలు నచ్చలేదు. కోసేవాళ్ళ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు అడుగు. 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమాల ప్రకారం చీటీ మీదా రసీదు మీదా ఆ నంబరు ఉండాలి. 2023లో కొత్త నియమాలు తెచ్చి వెంటనే ఆపేశారు, పాతవే నడుస్తున్నాయి. నంబరు చేతికొస్తే జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. ప్లాస్టిక్ సర్జన్ అంటే ఎంబీబీఎస్, మూడేళ్ళ ఎంఎస్ జనరల్ సర్జరీ, ఆ పైన ఇంకో మూడేళ్ళ ఎంసీహెచ్ గానీ డీఆర్‌ఎన్‌బీ గానీ చదివినవాళ్ళు. జనరల్ సర్జన్లూ ఈ ఆపరేషన్ చేస్తారు, తప్పు పట్టను, ఎన్ని చేశారో మాత్రం అడుగు. బోర్డు మీద ఉత్త "కాస్మెటాలజిస్ట్" అని ఉంటే వెనక్కి తిరుగు. యూట్యూబ్‌లోనో వర్క్‌షాప్‌లోనో చూసినంత మాత్రాన అందం ఆపరేషన్లు, హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్లు మొదలుపెట్టడానికి చాలదని 2022లో ఆ కమిషనే చెప్పాల్సి వచ్చిందంటే చూడు.

ఇక సాయంత్రం బస్సు సంగతి. పెద్ద ఆసుపత్రుల్లోనూ అదే రోజు పంపిస్తారు, కాదనను. కానీ గంటల తరబడి చూసి, రాత్రి ఏదైనా అయితే ఎత్తే ఫోను చేతిలో పెట్టి, దగ్గర్లోనే ఉండమని పంపిస్తారు. ఈ ఆపరేషన్‌లో తొందరగా వచ్చే ఇబ్బంది లోపల రక్తం చేరడం, అదీ ఎక్కువగా మొదటి రోజే. కొవ్వు లాగడానికి ముందు ఉప్పునీళ్ళలో లిగ్నోకైన్ అనే తిమ్మిరి మందు కలిపి ఎక్కిస్తారు. దాని మోతాదు నీ బరువుని బట్టి లెక్కగట్టాలి. అలా ఎక్కించిన మందు రక్తంలో ఎక్కువయ్యేది అప్పటికప్పుడు కాదు, సుమారు 12 గంటల తర్వాత. అంటే నువ్వు కైకలూరు దాటి, ఇల్లు చేరి, పడుకున్నాక. పెదాలు మొద్దుబారి, చెవుల్లో హోరు మొదలైతే నీ పక్కన ఎవరుంటారు?

మా దగ్గరికి ఓ అర్ధరాత్రి ఒక కుర్రాణ్ణి తెచ్చారు. బిగుతు బనీను హుక్కులు ఊడదీసేసరికి ఎడమవైపు కొబ్బరికాయంత వాపు, చర్మం నల్లగా మెరుస్తోంది. ఛాతీ ఆపరేషన్ ఎక్కడ చేశారో, ఏ మత్తు ఇచ్చారో చెప్పే కాగితం లేదు. ఉన్నదల్లా ఓ రసీదు, దాని మీద డాక్టరు పేరు లేదు, ఫోన్ చేస్తే స్విచాఫ్. కుట్లు విప్పి, గడ్డలు తీసి, కారుతున్న రక్తనాళాన్ని కట్టేసరికి తెల్లారింది. వాళ్ళమ్మ బయట కూర్చుని "అపెండిక్స్ అన్నాడండీ మాతో" అంటూ ఒకటే ఏడుపు. అందుకే చెప్తున్నా, మీ అమ్మగారికి చెప్పు.

మత్తు డాక్టరు ఎవరో విడిగా అడుగు. కోసే ఆయనే మత్తూ చూసుకుంటానంటే నేనైతే టేబులెక్కను. తీసిన గ్రంథి బయాప్సీకి పంపుతారా, ఛాతీ మీద గుంట పడితే ఎవరు సరిచేస్తారు, ఇవీ అడుగు. నీ కాగితాలు నువ్వడిగిన 72 గంటల్లో ఇవ్వాలని కూడా ఆ 2002 నియమాల్లోనే ఉంది.

పాలకొల్లు_కుర్రాడు:
అమ్మా, చాలా థ్యాంక్స్ అండి. ఫోన్ చేసి డాక్టరు పేరూ, నంబరూ, మత్తు డాక్టరు ఎవరనీ అడిగాను. మేడమ్‌ని కనుక్కుని చెప్తానని పెట్టేశారు. గంటలో వాట్సాప్ వచ్చింది: "ఆఫర్ రేపటితో ఆఖరు." డబ్బులు కట్టలేదు. అమ్మకి రాత్రే చెప్పాను, తిడుతుందనుకున్నా, "ఇన్నాళ్ళూ దీనికా ఎండలో చొక్కా విప్పకుండా చచ్చావు" అంది. ఒకవేళ చేయించుకుంటే చెరువు పనికి ఎన్నాళ్ళు ఆగాలి?

రిటైర్డ్_థియేటర్_సిస్టర్:
కాటా దగ్గర కూర్చుని రాసుకోవడమైతే వారం, పది రోజుల్లో వెళ్ళొచ్చు. మేత బస్తాలు ఎత్తడం నెల పైనే మానాలి, బిగుతు బనీను నాలుగు నుంచి ఆరు వారాలు వేసుకోవాలి. గాయం పూర్తిగా మానేదాకా చెరువు నీళ్ళు ఛాతీకి తగలకూడదు, ఆ బురదలో లేని సూక్ష్మజీవి ఉండదు. ఖచ్చితమైన లెక్క నిన్ను కోసిన డాక్టరే చెప్పాలి. ముందు పెద్దాసుపత్రి సర్జరీ ఓపీలో చూపించుకో. పొద్దున్నే వెళ్ళు, వాడుతున్న మందుల చీటీలు పట్టుకెళ్ళు, అమ్మని వెంట తీసుకెళ్ళు.