హాస్టల్లో అట్లతద్ది చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? కాస్త చెప్పండి

అక్కలూ, నేను నెల్లూరులో ఒక మహిళా కాలేజీలో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. మా హాస్టల్లో కొత్తగా వచ్చిన జూనియర్లను రాత్రిపూట నిలబెట్టి పాడించడం, ఆడించడం ఆనవాయితీ. సరదాకే అనుకునేవాళ్లం. పోయినేడు కావలి వైపు నుంచి వచ్చిన ఒక పిల్ల ఏడ్చి ఏడ్చి మర్నాడే ఇంటికి వెళ్లిపోయింది. అది ర్యాగింగే. మన రాష్ట్రంలో 1997 నుంచి దానికి చట్టం కూడా ఉంది. నేనూ అక్కడే ఉండి ఆపలేదు, ఆ బాధ ఇంకా పోలేదు.

ఈసారి దాని బదులు ఆశ్వయుజంలో వచ్చే అట్లతద్ది జరపాలని ఉంది. తెల్లవారకముందే లేచి గోంగూర పచ్చడితో చద్దన్నం తినడం, ఆటలు, ఊయల, సాయంత్రం చంద్రుణ్ణి చూశాక అట్లు. అమ్మమ్మ చెప్తుంటే విన్నదే తప్ప నేనెప్పుడూ చేయలేదు.

అరవై మందికి అట్ల పిండి ఎంత కావాలి? చెట్టుకు ఊయల అంటే వార్డెన్ మేడం భయపడుతున్నారు, ఎలా ఒప్పించాలి? అన్నిటికన్నా టెన్షన్ ఒకటుంది. మాలో ముస్లిం, క్రిస్టియన్ అమ్మాయిలూ ఉన్నారు. రొట్టెల పండగకి అందరం కలిసే బారాషహీద్ దర్గాకి వెళ్లి, స్వర్ణాల చెరువులో రొట్టెలు మార్చుకుంటాం. ఇందులోనూ ఎవరూ దూరంగా నిలబడకూడదు. నోము చేసేవాళ్లు చేసుకుని, ఆటలూ అట్లూ అందరికీ అంటే సరిపోతుందా? మీ హాస్టల్లో ఎలా చేశారు?