అత్తమామల విజిట్ వీసా: ముందు డేట్ దొరికే దారి ఉందా?

ఫ్రిస్కో, టెక్సస్ నుంచి:

అందరికీ నమస్తే. మేం ఇక్కడికొచ్చి నాలుగు నెలలే అయింది. మా ఆవిడకి ఫిబ్రవరి రెండో వారం డ్యూ డేట్. ఖమ్మం నుంచి మా అత్తమామల్ని పిలిపిద్దామని డీఎస్-160లు (అమెరికా వీసా దరఖాస్తు ఫారాలు) నింపి, ఫీజు కట్టి చూస్తే హైదరాబాద్‌లో ఇంటర్వ్యూకి జూలై దాకా ఖాళీ లేదు. టెలిగ్రామ్‌లో ఒకతను ఇద్దరికీ కలిపి నలభై వేలిస్తే డిసెంబర్‌లో ఇప్పిస్తానంటున్నాడు, లాగిన్ కూడా అడిగాడు. ఇవ్వొచ్చా? డెలివరీ కారణం చూపించి, ముందు తేదీ ఇమ్మనే ఎక్స్‌పెడైట్ పెడితే ఒప్పుకుంటారా? ఇంకా ఏ తేదీ బుక్ చెయ్యలేదు, మంచిది వచ్చాక చేద్దామని ఆగాను.

ఎడిసన్, న్యూజెర్సీ నుంచి:

తమ్ముడూ, ముందు వెళ్ళి ఆ జూలై తేదీ బుక్ చేసెయ్, మిగతాది తర్వాత చదువుకో. మంచి డేట్ కోసం ఖాళీగా కూర్చున్నవాళ్ళకి జూలై కూడా మిగలదు. ఒక్కొక్కరికి 185 డాలర్లు కట్టావు, ఆ రసీదు మీద ఏడాది లోపల తేదీ వేసుకోవాలి, లేకపోతే ఆ డబ్బు పోయినట్టే.

ఎక్స్‌పెడైట్ సంగతి సూటిగా చెప్తున్నా, ఏమనుకోకు. పెళ్ళిళ్ళు, గ్రాడ్యుయేషన్లు, గర్భిణికి సాయం, ఈ మూడూ ఎక్స్‌పెడైట్‌కి పనికిరావని కాన్సులేట్ వాళ్ళే రాసి పెట్టారు. దగ్గరి బంధువు పోవడం, అత్యవసర వైద్యం లాంటివాటికే అది. పైగా మామూలు తేదీ బుక్ అయి ఉంటేనే అడగనిస్తారు. రేపు నిజంగా ఏదైనా ఎమర్జెన్సీ వస్తే అప్పటికి దాచుకో.

ఇక మిగిలింది రీషెడ్యూల్. ఎవరో ఒకరు తేదీ మార్చుకుంటారు, ఆ సీటు మళ్ళీ క్యాలెండర్లోకి వస్తుంది. కాన్సులేట్ వాళ్ళు కూడా అప్పుడప్పుడూ ఒక్కసారిగా కొన్ని వదులుతారు. అవి పట్టుకోవడమే పని. అయితే 2025 జనవరి 1 నుంచి ఇండియాలో ఉచితంగా మార్చుకునే అవకాశం ఒక్కసారే. రెండోసారి మార్చాలంటే మళ్ళీ ఫీజు కట్టాలి. మా మరిది ఏం చేశాడో విను. ఆగస్టు తేదీ చేతిలో ఉంది, జూలై చివర్లో ఒకటి కనబడగానే సంబరంగా నొక్కేశాడు. పన్నెండు రోజులు లాభం! వారం తిరక్కుండా ఏప్రిల్ తేదీలు పచ్చగా కనబడ్డాయి. మళ్ళీ ఫీజు కడితే తప్ప మార్చలేడు, చూస్తూ కూర్చున్నాడు. అందుకని నువ్వూ మీ ఆవిడా ఇవాళే ఒక మాట అనుకోండి, ఫలానా తేదీకి ముందు వస్తేనే నొక్కుతాం అని. ఇద్దరికీ పాస్‌పోర్టులు చేతికొచ్చి, టికెట్లు కొని, ప్రయాణం పెట్టుకోవడానికి కనీసం నెల కావాలి. కాబట్టి మీకు జనవరి మొదటి వారం దాటితే లాభం తక్కువ. అప్పుడు డెలివరీకి కాకుండా మూడో నెలకి వస్తారనుకుని నింపాదిగా చూసుకోండి. నన్నడిగితే అదే నయం, ఫిబ్రవరి చలిలో వాళ్ళూ ఇంట్లోంచి కదల్లేరు.

ఇద్దరినీ ఒకే ప్రొఫైల్లో కలిపావు కదా, అంటే ఒకే రోజున రెండు సీట్లు ఉండాలి. ఒకటే ఉన్న రోజు నీకు పనికిరాదు. విడదీయమని మాత్రం నేను చెప్పను. మామయ్యగారికి ఒక నెల, అత్తయ్యగారికి ఇంకో నెల వస్తే అదింకో తలనొప్పి.

హ్యూస్టన్ నుంచి:

అక్క చెప్పినవాటికి ఒకటి కలుపుతా. రోజంతా రిఫ్రెష్ కొట్టకండి. ఎక్కువసార్లు చూస్తే అకౌంట్ లాక్ అయి కూర్చుంటుంది, సరిగ్గా అప్పుడే తేదీలు వదులుతారు! ఇక్కడ మీరూ, ఖమ్మంలో బావమరిదీ ఒకే లాగిన్‌తో పోటీపడి చూసినా అదే గతి. ఒకరే చూడండి, రోజుకి రెండు మూడుసార్లు. టైమ్ అంటూ ఏమీ లేదు, రాత్రి పన్నెండు తర్వాతే వస్తాయన్నది గ్రూపుల్లో పుట్టిన మాట.

ఊరు మార్చి చూడటం మర్చిపోవద్దు. ఢిల్లీ, ముంబై, చెన్నై, కోల్‌కతా, ఎక్కడైనా ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చు. తెలుగులో మాట్లాడాలంటే హైదరాబాద్, లేదా చెన్నై. బ్యాంకాక్, సింగపూర్ పంపించే కిటుకు మాత్రం 2025 సెప్టెంబర్ నుంచి నడవట్లేదు, సొంత దేశంలోనో ఉంటున్న దేశంలోనో వేసుకోమన్నారు. డ్రాప్‌బాక్స్ (ఇంటర్వ్యూ లేకుండా కాగితాలు ఇచ్చేసే దారి) అని ఎవరైనా అంటే అది కూడా పాత మాటే. పాత వీసా అయిపోయి ఏడాది లోపలున్న వాళ్ళకే ఇప్పుడు ఆ దారి. మీవాళ్ళు మొదటిసారి కాబట్టి ఇంటర్వ్యూ తప్పదు.

షార్లట్ నుంచి:

ఏజెంట్లందరూ దొంగలు కాదండీ. మాకు ఒకాయనే ఇప్పించాడు, మూడు వారాల్లో పనైంది.

ఎడిసన్, న్యూజెర్సీ నుంచి:

మీకు కలిసొచ్చింది, సంతోషం. కానీ 2025 మార్చిలో బాట్‌లతో, అంటే వాటంతటవే బుక్ చేసే ప్రోగ్రాములతో, బుక్ చేసినవని ఎంబసీ వాళ్ళు సుమారు 2000 అపాయింట్‌మెంట్లు రద్దు చేశారు, ఆ అకౌంట్లకి బుకింగే ఆపేశారు. ఏజెంట్ ఏం వాడుతున్నాడో మనకెలా తెలుస్తుంది? మా ఎదురింటివాళ్ళు లాగిన్ ఇచ్చారు. అతను సెక్యూరిటీ ప్రశ్నలకి జవాబులు మార్చేసి, ఇంకో పదిహేను వేలిస్తే చెప్తానన్నాడు. వాళ్ళ నాన్నగారి పాస్‌పోర్ట్ నంబర్, పుట్టిన తేదీ అన్నీ అతని దగ్గరే. ఆ ఉన్న నలభై వేలు టికెట్‌కి దాచుకో తమ్ముడూ.

ఫ్రిస్కో నుంచి:

జూలై 14 బుక్ చేసేశాను అక్కా. టెలిగ్రామ్ అతన్ని బ్లాక్ చేశాను. హ్యూస్టన్ అన్నా, చెన్నై కూడా చూస్తున్నా. ఒక్క సందేహం, డేట్ దొరికాక మళ్ళీ డీఎస్-160 నింపాలా?

ఎడిసన్, న్యూజెర్సీ నుంచి:

తప్పులేమీ లేకపోతే అక్కర్లేదు. తప్పు దొరికి కొత్తది నింపితే మాత్రం ఆ కొత్త కన్ఫర్మేషన్ నంబర్ ప్రొఫైల్లో మార్చాలి. చేతిలో ఉన్న కాగితం మీద నంబరూ అక్కడి నంబరూ కలవకపోతే గుమ్మం దగ్గరే వెనక్కి పంపేస్తారు. అత్తయ్యగారి ఇంటిపేరు పాస్‌పోర్ట్‌లో ఎలా ఉందో అలాగే ఉందా, ఒకసారి చూడు.

ఇంకోటి, డేట్ అంటే ఒకటి కాదు, రెండు. ముందు రోజో ఇంకా ముందో వేలిముద్రలకి వెళ్ళాలి. అది హైదరాబాద్‌లో హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ కింది అంతస్తులోనే. ఇంటర్వ్యూ నానక్‌రామ్‌గూడలో. ముందు డేట్ పట్టుకునేటప్పుడు రెండూ కుదిరేలా చూసుకో. మా అమ్మకి ఆ వేలిముద్రలే పట్టలేదు. ముప్పై ఏళ్ళు మిరపకాయలు తొడిమలు తీసిన వేళ్ళు, గీతలు ఎక్కడుంటాయి? అక్కడున్న అమ్మాయి తడిగుడ్డ ఇచ్చి తుడుచుకోమంది, నాలుగోసారికి పడ్డాయి. అత్తయ్యగారిని వారం ముందు నుంచీ రాత్రిపూట చేతులకి కాస్త కొబ్బరినూనె రాసుకోమను, వెళ్ళే రోజు పొద్దున మాత్రం వద్దు.