స్నో టైర్లకు 19 అంగుళాల నుంచి 17కి దిగాలా? సన్న టైరు నిజంగా మేలా?

కొత్తచలి (బ్రాంప్టన్)
మేముండేది కెనడాలోని అంటారియోలో. మాది 2021 టొయోటా రావ్4 లిమిటెడ్. కంపెనీ టైర్లు 235/55 ఆర్19, అంటే వెడల్పు 235 మి.మీ., పక్కగోడ ఎత్తు అందులో 55 శాతం, రిమ్ము 19 అంగుళాలు. పోయిన జనవరిలో మా వీధి చివర స్టాప్ సైన్ దగ్గర బ్రేక్ తొక్కితే బండి ఆగకుండా మెల్లగా కూడలి మధ్యకు జారింది. ఎదురుగా ఎవరూ రాలేదు కాబట్టి సరిపోయింది. ఈసారి స్నో టైర్ల కోసం షాపుకెళ్తే, 17 అంగుళాల ఇనుప రిమ్ములతో 225/65 ఆర్17 వేసుకోమన్నారు. మంచులో సన్న టైరే మేలట. మా బావేమో "ఇంత బండికి సన్న టైర్లేంట్రా, వెడల్పుంటేనే కదా పట్టు" అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

గోదారోడు (ఒట్టావా)
షాపువాళ్ల మాటే వినండి. కొత్తగా పడ్డ మంచులో టైరు తన ముందున్న మంచును తోసుకుంటూ పోవాలి. వెడల్పు ఎక్కువైతే తోసేదీ ఎక్కువే. సన్నదైతే కోసుకుంటూ కిందికి దిగి తారును పట్టుకుంటుంది. బురద దారిలో ఎడ్లబండి ఇనుప పట్టా చక్రం ఎలా పోయేదో చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు.

లెక్కలపంతులు (వాటర్లూ)
గోదారోడు గారూ, మరి మీ ఊళ్లో దమ్ము చేసే ట్రాక్టరుకు సన్న చక్రాలు వేస్తారా? వెడల్పాటి దమ్ము చక్రాలు కదా బిగించేది! ఐస్‌లాండ్‌లో హిమానీనదాల మీద తిరిగే జీపులకూ భారీ వెడల్పు టైర్లే, అందులోనూ గాలి బాగా తగ్గించి మరీ నడుపుతారు.

గోదారోడు (ఒట్టావా)
భలే పట్టారండీ. కానీ పొలంలో చక్రానికి అడుగు దొరకదు, అందుకే దిగబడకుండా పైన తేలాలి. హిమానీనదమూ అంతే. మన వీధిలో పడేది జానెడు మంచు, దాని కింద తారు రోడ్డుంది. అడుగు ఉన్నచోట కోసుకుని దిగాలి, లేనిచోట తేలాలి. బావగారు ఐస్‌లాండ్‌కు కాపురం మారిస్తే వెడల్పువి కొనమనండి.

ర్యాలీపిచ్చి
స్వీడన్ ర్యాలీ చూడండి, మంచు మీద కార్లన్నీ సన్న టైర్లతోనే దూసుకుపోతాయి. ఇంకేం రుజువు కావాలి?

లెక్కలపంతులు (వాటర్లూ)
వాటికి వందల ఇనుప మేకులుంటాయి తమ్ముడూ. బరువంతా ఆ మేకుల మీద పడి ఐసులో గుచ్చుకోవాలనే సన్నవి వేస్తారు. దక్షిణ అంటారియోలో ఉండేవాళ్లకు మేకుల టైర్లకు అనుమతే లేదు.

అడుగు సంగతి ఒప్పుకుంటాను, తాజా మంచులో గోదారోడు గారిదే రైటు. కరిగిన బురద మంచులోనూ సన్నదే తక్కువ తేలుతుంది. కానీ 235 నుంచి 225 అంటే 10 మిల్లీమీటర్లు, నూటికి నాలుగు వంతులు. దానికింత వాదనా? పైగా టైరు నేలను తాకే వైశాల్యాన్ని ఎక్కువగా తేల్చేది బరువూ, లోపలి గాలి ఒత్తిడీ. సన్న టైరుకు ఆ ముద్ర వెడల్పు తగ్గి పొడవు పెరుగుతుంది, అంతే. అసలు మన చలికాలంలో ఎక్కువ రోజులు ఉప్పు చల్లిన తడి తారు మీదే నడుపుతాం. అక్కడ బ్రేకుకు వెడల్పుదే కాస్త నయం. అసలు తేడా రబ్బరుది. మామూలు టైరు రబ్బరు 7 డిగ్రీల కిందికి వచ్చేసరికి బిగుసుకుపోతుంది, స్నో టైరుది మెత్తగానే ఉంటుంది. స్టాప్ సైన్ దగ్గర మీ బండిని ఆపలేకపోయింది వెడల్పు కాదు, ఆ గట్టి రబ్బరు.

అలాగని 19లోనే ఉండమనను. 17కి దిగండి, సన్నదనం కోసం మాత్రం కాదు. పక్కగోడ, అంటే రిమ్ముకూ నేలకూ మధ్య ఉండే రబ్బరు ఎత్తు, 129 మి.మీ. నుంచి 146కి పెరుగుతుంది. మార్చిలో రోడ్లన్నీ గుంతలయ్యాక ఆ 17 మి.మీ. రబ్బరే రిమ్మును కాపాడుతుంది.

మాంట్రియల్ వదిన
ఆ మాట నన్నడగండి! మా పాత బండికి 20 అంగుళాలవి ఉండేవి. ఒక్క గుంతకు రిమ్ము వంగి, టైరు చీలి, మైనస్ 18లో రోడ్డు పక్కన గంటన్నర నిలబడ్డాం. ఆ తర్వాత మా ఆయన సోకు మాటెత్తలేదు.

కొత్తచలి గారూ, మీ రావ్4లోనే కింది మోడల్‌కు కంపెనీ ఇచ్చేది 225/65 ఆర్17. అంటే రిమ్ము లోపల బ్రేకును పట్టి నొక్కే కాలిపర్‌కు రిమ్ము తగులుతుందన్న టెన్షన్ లేదు. వేరే బండి వాళ్లు మాత్రం షాపులో ఒకసారి తొడిగించి చూడాల్సిందే. టైరు మీద సైజు పక్కనుండే బరువు అంకె కూడా చూడండి. 102 అంటే ఒక్కో టైరు మోసేది 850 కిలోలు. డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉన్న సైజుకు ఎంత అవసరమో దానికి తగ్గకూడదు. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, లోపల మంచు రేకు బొమ్మ ఉండాలి, అదే స్నో టైరుకు గుర్తు. మా క్యుబెక్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా అలాంటివే వేయాలని చట్టం. మీ అంటారియోలో ఆ చట్టం లేదు కానీ ఇన్సూరెన్స్‌లో డిస్కౌంట్ ఇవ్వాలి, అడిగి తీసుకోండి. నాలుగు చక్రాలూ లాగే బండి కదా అని ధైర్యపడొద్దు, అది కదలడానికే సాయం, ఆగడానికి కాదు.

కొత్తచలి (బ్రాంప్టన్)
17కే దిగాను. టైరుతో కలిపి చక్రం మొత్తం ఎత్తు 741 నుంచి 724 మి.మీ. అయింది కాబట్టి స్పీడోమీటర్ 100 చూపిస్తే అసలు వేగం 98కి కాస్త తక్కువ. 100 కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ బిగించుకోమన్నారు, బిగించా. నల్ల ఇనుప రిమ్ములు చూసి మా అమ్మాయి "నాన్నా, ట్యాక్సీ కొన్నావా" అంది. బావ ఇంకా ఒప్పుకోలేదు. ఇప్పుడు విప్పిన 19లు ఎక్కడ దాచాలి? బాల్కనీలో పెట్టనివ్వరట.

లెక్కలపంతులు (వాటర్లూ)
కొన్ని టైరు షాపులు సీజన్‌కింతని తీసుకుని దాచిపెడతాయి. ఇంట్లోనే అంటే రిమ్ములతో ఉన్నవి నిలబెట్టకండి, ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టండి. ఏది ముందుదో ఏది వెనకదో చాక్‌పీసుతో రాసుకోండి.

గోదారోడు (ఒట్టావా)
బావగారింట్లో పెట్టండి.